దస్త్రాన్ని ప్రశ్నించడం నేర్పుదాం: సంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



నేను కంది మండలంలో పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుణ్ని. ఈ జిల్లా గతానికి సాక్ష్యంగా మిగిలిన దస్త్రాలు, రాళ్లు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు చెదిరిపోకముందే వాటిని నమోదు చేయించాలని, ఆ సాక్ష్యాలను పరీక్షించే పద్ధతిని బడిలోనే పిల్లలకు అలవాటు చేయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. జిల్లా రికార్డులకు మీ కార్యాలయమే పెద్ద దిక్కు కాబట్టి మీకు రాస్తున్నాను. ఆ సాక్ష్యాల్లో చాలా భాగం ప్రభుత్వం దగ్గర లేదు. ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో, ఫ్యాక్టరీల పాత రిజిస్టర్లలో, యూనియన్ ఆఫీసుల బీరువాల్లో ఉంది. అందుకే మీతో పాటు జిల్లా ప్రజలంతా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

“సోషల్‌దేముంది సార్, బట్టీ కొడితే వస్తది. లెక్కలు మంచిగ చెప్పిస్తే చాలు” అనే తల్లిదండ్రులను మా దగ్గర ప్రతి ఉపాధ్యాయుడూ చూసే ఉంటాడు. ఊరి పక్కనే ఐఐటీ గేటు కనబడుతుంటే పిల్లవాడు అందులోకి వెళ్లాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అదే తండ్రి తన భూమి కాగితం చంకలో పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కినప్పుడు చరిత్రకారుడు చేసే పనే చేస్తాడు. కంది చుట్టుపక్కల గుంట భూమికి కూడా గొడవలున్నాయి. అందుకే ఇక్కడ పెద్దగా చదువుకోని రైతుకు కూడా 1954-55 ఖాస్రా పహాణీ అంటే ఏమిటో తెలుసు. హైదరాబాద్ రాజ్యం 1948లో భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఊరూరా ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన లెక్క అది. అందుకే ఈనాటికీ కోర్టులో దానికంత విలువ.

ఆ కాగితాన్ని చేతికిచ్చి చూడండి, రైతు ఏమేం అడుగుతాడో. ఇది అసలా, నకలా? నకలైతే ఎవరు సంతకం పెట్టి ఇచ్చారు? రాసిన పట్వారీ ఎవరు, ఆయనకు ఆ రోజుల్లో ఎవరితో దోస్తీ? సిరా మారిందా, మధ్యలో పేరు కొట్టేసి ఇంకొకటి రాశారా? పట్టాదారు కాలమ్‌లో ఒకరుంటే అనుభవదారు కాలమ్‌లో ఇంకొకరు ఎందుకున్నారు? పక్క సర్వే నంబరు వాళ్ల పహాణీ దీనితో కలుస్తోందా? అంతకుముందటి భూమి రికార్డు సేత్వార్‌లో ఏముంది? పాత రెవెన్యూ లెక్కలోని ఫసలీ సంవత్సరమైతే దానికి 590 కలిపి మన లెక్కలోకి తెచ్చుకోవాలని కూడా మా ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు.

చరిత్రకారులు ఒక ఆధారాన్ని తీసుకుని చేసే పరీక్షలు ఇవే. పత్రం నిజంగా ఆ కాలానిదేనా, ఆ మనిషి రాసిందేనా అని చూడటం బాహ్య విమర్శ. నిజమైన పత్రమే అని తేలాక, అందులో రాసిన సంగతి నమ్మదగిందా, రాసినవాడికి తెలిసే అవకాశం ఉందా, అలా రాస్తే ఎవరికి లాభం అని చూడటం అంతర విమర్శ. ఆ తర్వాత దానికి సంబంధం లేని మరో ఆధారంతో సరిపోల్చడం. ఇంకొక మెట్టు కూడా ఉంది, అది అన్నిటికంటే కష్టమైనది: ఆ పత్రంలో లేనివాళ్లు ఎవరని అడగడం. ఖాస్రా పహాణీ అక్షరాలా నిజమే కావచ్చు. అయినా ఆ పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్ల పేర్లు అందులో ఉండవు. జీతానికి కుదిరిన మనిషి పేరు ఉండదు. దాన్ని రాయించిన ప్రభుత్వానికి శిస్తు కట్టేవాడు, భూమి దున్నేవాడు ఎవరో తెలిస్తే సరిపోయింది. కాబట్టి ఆ ప్రశ్నలకే దానిలో జవాబు దొరుకుతుంది.

భూమి దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనం మిగతా గతం విషయంలో చెవిన పడ్డదల్లా ఎందుకు నమ్ముతున్నామన్నదే నా బాధ. ఈ జిల్లాలోంచే కొన్ని ఉదాహరణలు మీ ముందు పెడతాను.

సంగారెడ్డి పాత జైలు 2016లో మ్యూజియం అయింది. అప్పట్లో రూ.500 కట్టి ఒక రోజంతా ఖైదీలా గడిపే ‘ఫీల్ ద జైల్’ పథకం వల్ల దేశమంతా దాని గురించి చదివింది. ఆ జైలును 1796లో కట్టారని చెబుతారు. ఆ వార్తల్లో చాలావాటిలో అది ‘వలస పాలన కాలపు జైలు’ కూడా. 1796లో ఇక్కడ పాలకుడు రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్. ఈస్టిండియా కంపెనీతో ఆయన సైన్య సహకార సంధి కుదుర్చుకున్నది 1798లో. ఆ సంధి తర్వాత కూడా సంగారెడ్డి 1948 దాకా నిజాం రాజ్యంలోనే ఉంది. ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్న ఆ సంవత్సరం, ఆ విశేషణం ఒకదానికొకటి పొసగడం లేదు. పదో తరగతి పిల్లవాడు పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకుని కనిపెట్టగలిగిన సంగతి ఇది. ఇంకో అడుగు వేస్తే, 1796 అనే సంవత్సరం ఏ శాసనంలో, ఏ ఫైలులో ఉందన్న ప్రశ్న వస్తుంది. మ్యూజియం బోర్డు మీద సంవత్సరంతో పాటు అది మనకెలా తెలిసిందో కూడా ఒక వాక్యం రాస్తే చూడటానికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ అది ఒక పాఠం.

పటాన్‌చెరు సంగతి ఇంకా లోతైనది. ఫ్యాక్టరీల పొగ తప్ప ఆ ఊరికి వేరే గతం ఉందని ఇక్కడే పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1015 నుంచి 1043 వరకు పాలించిన కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడి శాసనాల్లో ‘పొట్టలకెరె’ ఆయన నెలవీడుగా, అంటే కొలువుండే పట్టణంగా కనిపిస్తుంది. పొట్టలకెరె అంటే నేటి పటాన్‌చెరే అని చరిత్రకారులు గుర్తించారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనూ ఈ ఊరి కథ ఉంది. రాజు జైనుడు, రాణి సుగ్గలదేవి శివభక్తురాలు. శివభక్తుడు జేడర దాసయ్య వచ్చి జైనులతో వాదించి గెలుస్తాడు. ఆ తర్వాత ఊళ్లో జైనం ఓడిపోయి శైవం నిలిచినట్టు కథ నడుస్తుంది.

ఇప్పుడు పట్వారీని అడిగిన ప్రశ్నలే సోమనాథుణ్ని అడుగుదాం. ఆయన ఎప్పటివాడు? 13వ శతాబ్దం వాడని ఎక్కువమంది పండితుల మాట. అంటే జయసింహుడికీ ఆయనకూ మధ్య దాదాపు రెండు వందల ఏళ్లున్నాయి. ఎందుకు రాశాడు? శివభక్తుల మహిమ చెప్పడానికి రాశాడు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. మరి పక్క ఆధారం ఏమంటోంది? పటాన్‌చెరులో దొరికిన జైన తీర్థంకరుల విగ్రహాలు, బాహుబలి విగ్రహం హైదరాబాద్ మ్యూజియంలకు చేరాయి. శైలిని బట్టి వాటిని 12వ శతాబ్దానివిగా లెక్క వేస్తారు. జయసింహుడి తర్వాతి శతాబ్దంలో కూడా ఈ ఊళ్లో జైనులు విగ్రహాలు చెక్కించుకోగలిగారంటే, జైనం ఒక్క వాదంతో ఒక్క రోజులో మాయమైపోలేదన్నమాట.

అంతమాత్రాన బసవపురాణాన్ని పక్కన పడేయాలా? అక్కర్లేదు. 11వ శతాబ్దంలో ఏం జరిగిందో చెప్పడంలో అది బలహీనమైన సాక్షి. కానీ తన కాలంలో శైవులు తమ గతాన్ని ఎలా తలచుకున్నారో, జైనులతో పోటీని ఎంత తీవ్రంగా తీసుకున్నారో, మామూలు జనం మాట్లాడే తెలుగు ఎలా ఉందో చెప్పడంలో దానికి సాటి లేదు. ఒకే పుస్తకం ఒక ప్రశ్నకు బలహీనమైన సాక్షి, ఇంకో ప్రశ్నకు గట్టి సాక్షి. ఈ తేడా తెలియనివాళ్ల చేతిలో పడితే వెయ్యేళ్ల నాటి కథ ఈనాటి పగలకు ఆయుధమవుతుంది. తెలిసినవాళ్ల చేతిలో అదే కథ మన ఊరికి ఎన్ని మతాల, ఎన్ని భాషల వారసత్వం ఉందో చూపిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు కావ్యాలను, పురాణాలను ఇలా సామాన్యుల జీవితానికి సాక్ష్యంగా చదివే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. అంతకుముందే, 1922లో హైదరాబాద్‌లో మొదలైన లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్లు ఊరూరా తిరిగి శాసనాల నకళ్లు తీసుకున్నారు. ఆ శ్రమ మీదే తెలంగాణ చరిత్ర నిలబడింది.

జనం జ్ఞాపకం కూడా పరీక్షకు నిలవాలి. ‘ఇందిరమ్మ మెదక్ ఎంపీ అయినంకనే మనకు ఫ్యాక్టరీలొచ్చినయ్’ అని ఇక్కడ పెద్దవాళ్లు అంటారు. ఇందిరా గాంధీ మెదక్ నుంచి గెలిచింది 1980లో. 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యేదాకా ఇక్కడి ఎంపీయే. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 1984 నాటిది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. కానీ రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలోనే వచ్చింది. పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో మొదలైంది. జ్ఞాపకం అబద్ధమాడలేదు, ఇరవై ఏళ్లను ఒక్క మనిషి పేరు కిందికి కుదించింది అంతే. ఆ కుదింపు కూడా చరిత్రకారుడికి పనికొచ్చే సాక్ష్యమే. ఏ సంవత్సరం ఏది వచ్చిందో కాగితం చెబుతుంది. కరువు నేలకు జీతం ఉద్యోగం వచ్చినప్పుడు జనం ఎవరికి రుణపడ్డామనుకున్నారో జ్ఞాపకం చెబుతుంది.

ఇక్రిశాట్ దగ్గరే ఇంకో పాఠం ఉంది. సుమారు 1,400 హెక్టార్ల ఆ క్షేత్రం కోసం కాచిరెడ్డిపల్లి, మన్మూల్ అనే రెండు ఊళ్లు తరలిపోయాయి. మెట్ట పంటల శాస్త్రం చదివే ఏ దేశపు విద్యార్థికైనా ‘కాసిరెడ్డిపల్లి’గా మారిన కాచిరెడ్డిపల్లి పేరు తెలిసే అవకాశం ఉంది. అక్కడి నల్లరేగడి నేల రకానికి శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు, ఎర్రనేల రకానికి పటాన్‌చెరు పేరు పెట్టారు. ఊరు ఖాళీ అయినా ఊరి పేరు మట్టి పరీక్షల పట్టికల్లో, పరిశోధన పత్రాల్లో నిలిచిపోయింది. ఆ పత్రాలు రాసినవాళ్లు ఊరి చరిత్ర రాయాలనుకోలేదు. నేల లోతు, తేమ, సున్నం శాతం లెక్క కట్టారు. ఫ్రెంచ్ చరిత్రకారుడు మార్క్ బ్లాక్ ఇలాంటి సాక్ష్యాలను ఎంతో విలువైనవిగా చూశాడు. ఎవరినో ఒప్పించాలని రాసిన పుస్తకం కంటే, ఏ ఉద్దేశమూ లేకుండా మిగిలిపోయిన జమాఖర్చు చిట్టా చాలాసార్లు ఎక్కువ నిజం చెబుతుందన్నది ఆయన వాదన. చరిత్రకారుడి పని గురించిన ఆ పుస్తకాన్ని ఆయన రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో రాశాడు. అది పూర్తి కాకముందే, నాజీలను ఎదిరించినందుకు 1944 జూన్‌లో ఆయన్ను కాల్చి చంపారు. చరిత్ర దేనికి పనికొస్తుందన్న ప్రశ్న ఆయనకు ప్రాణం మీదికి వచ్చిన రోజుల్లో కూడా ముఖ్యంగానే తోచింది.

కానీ మట్టి పేరు అన్నీ చెప్పదు. ఎవరి ఇల్లు ఎక్కడుండేది, పరిహారం ఎవరికి అందింది, కౌలుదారుకు ఏం దక్కింది, పొలిమేర దేవతను ఎక్కడికి తీసుకెళ్లారు అన్నవి మనుషులే చెప్పాలి. 1972లో ఇరవై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్లను అడగడానికీ ఒక పద్ధతుంది. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. సంవత్సరం గుర్తులేకపోతే ఏ కరువుకు ముందు, ఎవరి పెళ్లికి తర్వాత అని అడగాలి. ఇద్దరి మాటలు కలవకపోతే ఒకరిని అబద్ధాలకోరుగా తీర్మానించకుండా ఇద్దరి మాటలూ రాసుకుని కాగితంతో సరిపోల్చాలి. ఈ పని ఇంకో పదేళ్లు వాయిదా వేస్తే అడగడానికి మనిషి మిగలడు.

ఇక నక్కవాగు. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నీళ్లు రంగు మారాయని, పశువులు చస్తున్నాయని, బోరు నీళ్లు తాగలేకపోతున్నామని దాని పక్కనున్న ఊళ్ల రైతులు 1980ల నుంచే మొత్తుకున్నారు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ కాలుష్యం మీద పోరాటంలో ముందు నిలిచిన డాక్టర్ ఎ. కిషన్‌రావు లాంటివాళ్లు జబ్బుల వివరాలు పోగు చేశారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. అది తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వచ్చింది. 2017లో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చేసరికి వ్యాజ్యం వేసి 27 ఏళ్లు. ఈ మధ్యలో 1994లో ఫ్యాక్టరీల వ్యర్థ జలాలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ అప్పటి మెదక్ జిల్లా పల్లెల్లో ఆరోగ్య సర్వే చేసి, కాలుష్యం సోకిన ఊళ్లను సోకని ఊళ్లతో పోల్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధయ్యే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాను దెబ్బతీయడానికి చాలిన మోతాదుకు ఇది వెయ్యి రెట్ల పైమాట. 2009లో వచ్చిన మరో పత్రం చుట్టుపక్కల చెరువుల్లో, పల్లెల బావుల్లో కూడా మందుల అవశేషాలు ఉన్నాయని చూపింది.

ఈ ఆధారాలన్నిటినీ ఒక బల్ల మీద పెట్టి పదో తరగతి పిల్లలతో చదివిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. రైతుకు పరిహారం కావాలి కాబట్టి ఎక్కువ చేసి చెబుతాడా? కంపెనీకి నష్టం కాబట్టి తక్కువ చేసి చూపుతుందా? ఉద్యమ సంస్థకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది కదా, మరి అది ఊళ్లను ఎలా ఎంచుకుంది? విదేశీ శాస్త్రవేత్తలు నీళ్లు పట్టింది ఏ రోజుల్లో, మిగతా రోజుల మాటేమిటి? ఇలా అడుగుతూ పోతే తేలేది ఇది: ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు, వేర్వేరు అవసరాలున్నవాళ్లు, వేర్వేరు పద్ధతుల్లో వెళ్లి ఒకే చోటికి వచ్చారు. చరిత్రలో రుజువు అంటే ఇదే. ఇంకొకటి కూడా తేలుతుంది. చదువులేని రైతు తన కళ్లతో చూసి 1980లలో చెప్పిన మాట ప్రయోగశాల అంకెగా మారేదాకా చాలామంది చెవికెక్కలేదు. ఎవరి మాటకు ముందు నుంచే విలువ ఉంటుంది, ఎవరి మాట రుజువయ్యేదాకా నిలబడాలి అన్న ప్రశ్నను చరిత్ర తప్ప వేరే ఏ పాఠమూ పిల్లలతో అడిగించదు.

పాశమైలారం గురించి రాయడం కష్టంగా ఉంది. 2025 జూన్ 30న సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఎనిమిది మంది ఆచూకీ దొరకనే లేదు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మృతుల్లో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. తొలిరోజు వార్తల్లో మృతుల సంఖ్య ఒకటి, మర్నాటికి ఇంకొకటి, వారానికి మరొకటి. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా మొదటి రోజు పత్రిక మాత్రమే చూసి రాస్తే మృతుల్లో చాలామంది చరిత్రలోంచి జారిపోతారు. సంఘటనకు దగ్గరగా ఉన్న ఆధారమే మేలైనదని మేం తరగతిలో చెబుతాం. అది అన్నివేళలా నిజం కాదని పాశమైలారం నేర్పింది. రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన పురాణాన్ని ఎంత జాగ్రత్తగా చదవాలో, గంట తర్వాత వచ్చిన బ్రేకింగ్ న్యూస్‌ను కూడా అంతే జాగ్రత్తగా చదవాలి.

ఆ రోజు లోపల ఎవరెవరున్నారో తెలుసుకోవడానికి కావలసింది హాజరు పట్టిక, కాంట్రాక్టరు చిట్టా, గేటు పాసు, అద్దె గది యజమాని మాట, ఊరి నుంచి వచ్చిన ఫోన్. మామూలు రోజుల్లో ఎవరూ లెక్కచేయని కాగితాలు అవి. ఒక కుటుంబానికి మాత్రం తమవాడు ఆ రోజు ఆ షిఫ్టులో ఉన్నాడన్న సాక్ష్యమే పరిహారం, అదే అంత్యక్రియలు చేసే హక్కు. కాగితంలో పేరు సరిగ్గా ఉండటం జీవితానికి ఎంత అవసరమో ఈ పారిశ్రామిక ప్రాంతం కంటే బాగా చెప్పగలిగే చోటు నాకు కనిపించదు. ఈ ఫ్యాక్టరీల్లో నలభై ఏళ్లుగా పనిచేసి వెళ్లిపోయిన వేలాది మంది ఎక్కడివాళ్లు, ఎందుకు వచ్చారు, ఏం సంపాదించారు, ఏం పోగొట్టుకున్నారు అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ల చరిత్ర రాయడానికి ఆధారాలే మిగలకపోతే, వాళ్లు ఇక్కడ లేనే లేరని రాసినా కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

చరిత్ర ఎందుకు చదవాలన్న ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. రాజుల వరుస గుర్తుంచుకోవడం చిన్న లాభం. ఒక మాట వినగానే ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెబుతున్నారు, వాళ్లకెలా తెలుసు, వాళ్లకేం కావాలి, ఇంకెవరైనా వేరేగా చెబుతున్నారా, ఎవరి మాట ఇందులో లేదు అని అడిగే అలవాటు పెద్ద లాభం. ఫోన్‌లో వచ్చిన వీడియో మీద కొట్లాటలు జరిగే కాలంలో ఈ అలవాటు ఊరికి రక్షణ. అన్నిటినీ అనుమానించి ఏదీ నమ్మని మనిషిని తయారు చేయడం చరిత్ర పాఠం ఉద్దేశం కాదు. ‘అందరూ అబద్ధాలే చెబుతారు’ అనేవాణ్ని మోసం చేయడం చాలా తేలిక, ఎందుకంటే అతడు తనకు నచ్చిన అబద్ధాన్ని ఎంచుకుంటాడు. ఎంత ఆధారానికి ఎంత నమ్మకం ఇవ్వాలో తూచగలిగే మనిషి కావాలి. రేపు ఐఐటీలో చేరి యంత్రాలకు భాష నేర్పే మన పిల్లకైనా, పాశమైలారంలో షిఫ్టుకెళ్లే మన పిల్లవాడికైనా అది సమానంగా అవసరం.

అందుకని కలెక్టర్ గారూ, మిమ్మల్ని అడుగుతున్న పనులు ఇవి.

మొదటిది, జాబితా. 2016 అక్టోబర్‌లో ఉమ్మడి మెదక్ మూడు జిల్లాలైంది, కంది కొత్త మండలమైంది. జిల్లాలు విడిపోయినప్పుడు ఫైళ్లు కూడా విడిపోతాయి. ఏ పాత దస్త్రం ఏ జిల్లాలో, ఏ కార్యాలయంలో, ఏ భాషలో ఉందో చెప్పే ఒక జాబితా తయారు చేయించి ప్రజలకు అందుబాటులో పెట్టించండి. ఉర్దూలో ఉన్న నిజాం కాలపు దస్త్రాలు చదవడానికి గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. వాటిని ఎలా భద్రపరచాలో చెప్పడానికి తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. స్కాన్ చేయడానికి, చెక్కుచెదరని రీతిలో దాచడానికి కంది ఐఐటీలోనే వారసత్వ శాస్త్ర సాంకేతిక విభాగం ఉంది. మీరు ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే చాలు.

రెండోది, రాళ్లు. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా పొలాల్లో, గుడి గోడల్లో, చెరువు కట్టల మీద ఉన్న ప్రతి శాసనానికీ, విగ్రహానికీ ఫొటో తీసి, ఎక్కడుందో నమోదు చేయించండి. రాయిని కదిలిస్తే అది చెప్పే సంగతి సగం పోతుంది కాబట్టి ముందు నమోదు, తర్వాతే తరలింపు అని ఆదేశించండి. మన కొండాపూర్‌లో 1940-42 తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం దొరికింది. ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాసిపెట్టబట్టే ఒక నాణెం వ్యాపార చరిత్ర అవుతుంది, లేకపోతే అది బంగారం ముక్కే. జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల పిల్లలను కొండాపూర్ మ్యూజియానికి ఒకసారి పంపించండి.

మూడోది, మనుషులు. కాచిరెడ్డిపల్లి, మన్మూల్ పెద్దల మాటలు, నక్కవాగు పక్క ఊళ్ల రైతుల మాటలు, ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన కార్మికుల మాటలు, వలస వచ్చిన కుటుంబాల మాటలు వాళ్ల వాళ్ల భాషల్లోనే రికార్డు చేయించండి. సంగారెడ్డి తార డిగ్రీ కళాశాల చరిత్ర విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. కాలుష్య వ్యాజ్యం కాగితాలు, పాశమైలారం విచారణ నివేదికలు, మృతుల పేర్లు, ఊళ్లు ఒకచోట పదిలంగా ఉండేలా చూడండి.

నాలుగోది, బడి. తొమ్మిదో తరగతిలో ప్రతి విద్యార్థీ తన ఇంట్లోని ఒక పాత కాగితాన్ని, అది పహాణీ కావచ్చు, రేషన్ కార్డు కావచ్చు, పెళ్లి పత్రిక కావచ్చు, తెచ్చి పైన చెప్పిన ప్రశ్నలు అడిగి ఒక పేజీ రాసేలా ఏర్పాటు చేయండి. అందుకు బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఈ నాలుగింటిలో జాబితా ముందు మొదలు కావాలి. ఏముందో తెలియకుండా ఏది పోయిందో తెలియదు. ఈ విద్యా సంవత్సరంలోనే దానికి ఒక అధికారిని నియమించి, గడువు పెట్టి, ఆ గడువును బహిరంగంగా ప్రకటించండి. దస్త్రాల దుమ్ము దులిపి పేర్లు రాయడానికి సెలవు రోజుల్లో నేను వస్తాను, మా బడి పిల్లలను వెంట తీసుకొస్తాను. మీరు పిలిచిన రోజున జిల్లాలోని చరిత్ర ఉపాధ్యాయుల్లో చాలామంది వస్తారన్న నమ్మకం నాకుంది.

గౌరవంతో,
కంది నుంచి ఒక చరిత్ర ఉపాధ్యాయుడు